మూత వేసినా జరిగే పని

రాత్రంతా నడిచి తెల్లారేసరికి పూర్తి కావలసిన పని, వరసగా రెండో రోజు కూడా, మొదలైన గంటకే ఆగిపోయి ఉంది.

నళిని భుజం మీది సంచి దించకుండానే లాప్‌టాప్ మీదికి వంగి చూసింది. తెర మీది నల్లటి కిటికీలో, ఆఖరి వరసలో, సర్వర్‌తో సంబంధం తెగిపోయిందని రాసి ఉంది. మళ్ళీ సర్వర్‌లోకి వెళ్ళి ఆఖరి ఫొటో ఎప్పుడు తయారైందో చూసింది. మంగళవారం సాయంత్రం ఆరు గంటల తొమ్మిది నిమిషాలు. సోమవారం ఆగిపోయినప్పుడు ఆరు గంటల పన్నెండు నిమిషాలు. రెండు టైములూ నోటుపుస్తకంలో ఒకదాని కింద ఒకటి రాసుకుని, అప్పుడు సంచి దించి కూర్చుంది.

అది మామిడి గుజ్జు కంపెనీ. ఆఫీసు హోసూరులో, బస్టాండుకు రెండు వీధుల అవతల ఒక మేడ మీద. ఫ్యాక్టరీ గురుబరపల్లి పక్కన, హైవే మీద. సర్వర్ అనే పెద్ద కంప్యూటరు కూడా ఆ ఫ్యాక్టరీలోనే ఒక చిన్న గదిలో ఉంటుంది. తోటల నుంచి కాయ తెచ్చే ప్రతి బండికీ గేటు దగ్గర నాలుగైదు ఫొటోలు తీస్తారు. రెండు సీజన్లవి కలిపి అరవై రెండు వేల నాలుగు వందల ఫొటోలు, పేరూ ఊరూ లేకుండా ఒకే చోట కుప్పపోసినట్టు పడి ఉన్నాయి. శుక్రవారం పదకొండు గంటలకు గుజ్జు కొనే విదేశీ కంపెనీ మనుషులు ఫ్యాక్టరీకి వస్తారు. ఏదో ఒక డబ్బా చేతికి తీసుకుని ఇందులోని పండు ఏ రైతుది, ఏ ఊరి తోటది అని అడుగుతారు. అడిగిన నిమిషంలో ఫొటోతో సహా చూపించాలి.

ఆ ఫొటోలన్నిటినీ గేటు తూకం లెక్కలతో సరిపోల్చి, రైతు పేరు, ఊరి పేరు, తేదీ ప్రకారం విడదీసే స్క్రిప్ట్ అనే చిన్న ప్రోగ్రాం నళిని రాసింది. స్క్రిప్ట్ బాగానే పని చేస్తుంది. కాకపోతే సర్వర్ పాతది, పదకొండు గంటలు పడుతుంది. పగలు నడిపితే ఫ్యాక్టరీలో తూకం మిషను నత్తలాగా నడుస్తుందని, అయిదు తర్వాతే మొదలుపెట్టమని అక్కడ కంప్యూటర్లు చూసుకునే గోకుల్ చెప్పాడు. అందుకే సోమవారం అయిదుంపావుకు మొదలుపెట్టి, లాప్‌టాప్ అలాగే తెరిచి ఉంచి హాస్టల్‌కు వెళ్ళింది. మంగళవారమూ అంతే. రెండు సార్లూ గంటకే దాని ఊపిరి ఆగింది.

నళినిది రాయకోట దగ్గర ఒక చిన్న ఊరు. గొర్రెలు మేపే ఇల్లు. ఊరి బళ్ళో చదివి, కృష్ణగిరిలో డిగ్రీ చేసి, ఈ ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో ఆమె గొంతు సరిగ్గా విన్నవాళ్ళు ఆఫీసులో ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఏదైనా తెలియకపోతే అడిగే అలవాటు లేదు. చిన్నప్పుడు మంద వెంట పోయేటప్పుడు ఒక సంగతి ఒంటబట్టింది: మంద ఎందుకు బెదిరిందో తెలియాలంటే మంద మీద అరిచి లాభం లేదు, ఓ పక్కన కూర్చుని చూడాలి.

మధ్యాహ్నం సద్ది పెట్టె తెరిచేసరికి ఫోన్ మోగింది. ఊరి నుంచి వాళ్ళ అవ్వ, ఆమె పేరు దొడ్డమ్మ. అవ్వ ఫోన్‌లో మాట్లాడితే ఫోన్ అక్కరలేదు, హోసూరు దాకా అట్లాగే వినబడుతుంది.

"ఏమే నళినీ! శుక్రవారం వస్తా ఉండావా, ఈసారి కూడా నోట్లో మన్ను కొడతావా?"

"వస్తానవ్వా."

"పోయిన నెల కూడా వస్తాననే చెప్పినావు. బిడ్డకు నాలుగు నెలలు నిండినాయి. ఇంకా పాపా పాపా అని కోడిపిల్లను పిలిచినట్టు పిలుస్తా ఉండాము. వచ్చే వారం ఆషాఢం పడుతుంది, ఆ ఎనక తమిళోళ్ళ ఆడి నెల, రెండిట్లోనూ శుభం చేయకూడదు. అవి దాటినంక బిడ్డే లేచి నా పేరేందని అడుగుతుంది."

వాళ్ళ ఇంటి ఆనవాయితీ అది. బిడ్డ చెవిలో పేరు మేనత్తే చెప్పాలి. మేనత్త ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తమలపాకు చెవికి అడ్డం పెట్టి మూడు సార్లు చెబితేనే ఆ పేరు బిడ్డకు అంటుకుంటుందని నమ్మకం. అన్న శశికుమార్‌కు ఉన్నది ఒక్క చెల్లెలు. అంటే ఆ బిడ్డకు ఉన్నది ఒక్క మేనత్త. పోయిన నెల పెట్టుకున్న రోజున నళినికి లీవు దొరకలేదు.

"నువ్వు రాకపోతే చెప్పేయి," అంది అవ్వ, గొంతు కొంచెం తగ్గించి. "మీ చిన్నాయన కూతుర్ని పిలిపిస్తా. అదీ అత్తే అవుతుంది. నాకు ఇష్టం లేదు, కానీ పేరు లేని బిడ్డను ఎన్నాళ్ళు ఎత్తుకోని తిరగాల?"

ఆ మాట నళినికి ముల్లులా గుచ్చుకుంది. "ఎవర్నీ పిలవద్దవ్వా. నేను వస్తా," అని పెట్టేసింది. సద్ది పెట్టె చాలాసేపు అలాగే తెరిచి ఉంది.

శుక్రవారం ఊరిలో ఉండాలంటే గురువారం సాయంత్రమే బస్సు ఎక్కాలి. గురువారం సాయంత్రం మొదలుపెట్టే పని పొద్దుటికి పూర్తయితేనే అది కుదురుతుంది. ఇక మిగిలింది రెండు సాయంత్రాలు. అందులో ఒకటి, ఎందుకు ఆగిపోతోందో చూడడానికే ఖర్చు చేయాలని ఆమె నిశ్చయించుకుంది.

ఆ రోజు అయిదుంపావుకు స్క్రిప్ట్ మొదలుపెట్టి, లేచి వెళ్ళి, ఫైళ్ళ బీరువా చాటు మూలలో ఉన్న ముక్కాలి పీట మీద కూర్చుంది. అయిదున్నరకు అందరూ దిగి వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఎవరో ఫ్యాను ఆపేశారు. కరెంటు ఉంది. లాప్‌టాప్ తెర మీద ఫొటోల నంబర్లు ఒకదాని వెనక ఒకటి పాకుతున్నాయి. నాలుగు వేలు దాటాయి.

ఆరు కొట్టే వేళకు కాళమ్మ వచ్చింది. ఆఫీసు ఊడ్చి, తాళం వేసి పోయే మనిషి. వయసు యాభై దాటి ఉంటుంది. ఊడ్చింది, గచ్చు తుడిచింది, గోడ మీది దేవుడి పటం ముందు రెండు ఊదుబత్తీలు వెలిగించింది. ఆ తర్వాత కాళమ్మ చేసిన పని నళిని ఎనిమిది నెలల్లో ఒక్కసారీ చూడలేదు. నీళ్ళ బిందె మీద పళ్ళెం బోర్లించింది. ఫ్లాస్కుకు మూత తిప్పింది. చక్కెర డబ్బా మూత ఇంకోసారి అదిమి చూసింది. మేనేజరు మంజునాథ్ సార్ టేబుల్ మీద నోరు తెరుచుకుని పడి ఉన్న పెన్నుకు మూత వెతికి తొడిగింది. అట్లా వస్తూ వస్తూ నళిని టేబుల్ దగ్గరికి వచ్చి, రెండు చేతులతో, పసిబిడ్డకు దుప్పటి కప్పినట్టు, లాప్‌టాప్ మూత మెల్లగా దించింది.

గడియారంలో ఆరూ పది.

నళిని ముందు గడియారం చూసింది, మూత చూసింది. తర్వాత ఆపుకోలేనంత నవ్వు వచ్చింది.

"అమ్మా తల్లీ!" కాళమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "ఈడనే ఉండావా? పిల్లి మాదిరి మూలన కూర్చోనుంటే ఎట్ల తెలుస్తుందమ్మా? నా ప్రాణం సగం పోయింది."

"అక్కా, రోజూ దాన్ని మూసేది నువ్వేనా?"

"నేను కాక ఇంకెవరు? మీరందరూ తెరిచిపెట్టేసి పోతారు. సందేళ నోరు తెరుచుకోని ఉండే గిన్నె ఇంట్లో పెట్టుకుంటారా ఎవరన్నా? పురుగు పడుతుంది, బూజు పడుతుంది, లేనిపోని గాలి చేరుతుంది. పొద్దున వచ్చి నేనే మళ్ళా మూత తీసి, గుడ్డతో తుడిచి పెడతా. మీరు వచ్చేసరికి తళతళా అంటా ఉంటుంది. ఎవరన్నా ఒక్క మాట అన్నారా, కాళమ్మా బాగా చేసినావని?"

పొద్దున మూత తీసి ఉండడం వల్లే, అది సాయంత్రం మూతపడిన సంగతి నళినికి తెలియలేదు. మూత పడగానే లాప్‌టాప్ నిద్రపోతుంది. అది నిద్రపోతే గురుబరపల్లితో ఉన్న లంకె తెగిపోతుంది. లంకె తెగితే అక్కడి పని చచ్చిపోతుంది. అంతే సంగతి. ఆమె రెండు రోజులుగా నెట్‌వర్క్‌ను తిట్టుకుంటోంది.

కాళమ్మ ఇంకా ఆగలేదు. గోడకున్న వైఫై డబ్బా దగ్గరికి వెళ్ళి టక్కున స్విచ్చు ఆపేసింది.

"అది కూడానా?"

"అది ఎప్పుడు చూడు కన్ను కొడతా ఉంటుంది. ఆడపిల్లలు ఉండే ఆఫీసులో ఆ ఏషాలేంటి?"

నళిని పీట మీద నుంచి లేచి వచ్చి, నవ్వుతూనే చెప్పింది. "అక్కా, నేను దీంట్లో నుంచి ఫ్యాక్టరీలో ఉండే ఇంకో కంప్యూటర్‌కు ఒక పని చెప్పినాను. పదకొండు గంటల పని. నువ్వు ఈడ మూత వేస్తే ఆడ ఆగిపోతుంది. సోమవారం అట్లే ఆగింది, నిన్న అట్లే ఆగింది."

కాళమ్మ ముఖం వాడిపోయింది. "అయ్యో! నా వల్లనా? సారు నిన్ను తిట్టినాడా?" అని ఒక క్షణం నిలబడి, మళ్ళీ తనకు తానే కూడగట్టుకుంది. "అయినా అదేం పనమ్మా? మూత వేస్తే ఆగిపోయే పని నేను యాడా చూడలా. మూత వేస్తేనే కదా అన్నం ఉడికేది!"

నళిని మూసిన లాప్‌టాప్ వైపు తిరిగింది. ఆ మాటనే చూస్తున్నట్టు నిలబడింది.

"సరేలే, రేపట్నించి దాన్ని ముట్టను," అంది కాళమ్మ. అంది గానీ, మాట్లాడుతూనే ఆమె చెయ్యి లాప్‌టాప్ మూత అంచును సరిచేస్తూ ఉంది. ఒక గిన్నె తెరిచి ఉందని తెలిసి ఇంటికి పోతే ఆ మనిషికి ముద్ద దిగదని నళినికి అర్థమైంది.

"వద్దక్కా. నువ్వు మూసేది మూసుకో. నేను చేసిందే సరిగ్గా లేదు."

హాస్టల్‌కు నడుస్తూ దారిలో గోకుల్‌కు ఫోన్ చేసింది. తనంతట తాను అతనికి ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"గోకులన్నా, ఒకటి అడగాల. నవ్వకూడదు."

"నవ్వను. చెప్పు."

చెప్పింది. గోకుల్ నవ్వాడు. అవతల ఎవరికో "కాళమ్మ మూత పెట్టేసిందంటప్పా!" అని చెప్పి మళ్ళీ నవ్వాడు. నవ్వు అయ్యాక మాత్రం ఓపికగా చెప్పాడు.

"ఇట్ల చూడు. నువ్వు ఆ కిటికీలో నుంచి పని చెప్పినావు. కిటికీ మూసుకుంటే సర్వర్ ఏమనుకుంటుంది? చెప్పిన మనిషి ఫోన్ పెట్టేసి పోయింది, ఇంక ఈ పని ఎవరికి అనుకుంటుంది. ఆపేస్తుంది. ఇప్పుడు మొదలుపెడితే తెల్లారి బండ్లు తూకానికి వచ్చేలోపల కాదు, రేపు నువ్వు కమాండ్‌కు ముందర నోహప్ అని కొట్టు. అంటే, నేను ఫోన్ పెట్టేసినా నువ్వు ఆగొద్దు అని చెప్పేది. ఆఖర్లో యాండ్ గుర్తు పెట్టు. అది వెనకపక్కకు పోయి తన పని తాను చేసుకుంటుంది. చెప్పాల్సిందంతా ఒక ఫైల్లో రాసుకోమను. ఇంక నువ్వు ఉంటే ఏమి, పోతే ఏమి?"

"అంతేనా?"

"అంతే. సోమవారం అడిగుంటే సోమవారమే చెప్పుండే వాణ్ణి. నీకు నోరిచ్చినానని దేవుడే మర్చిపోయుంటాడు."

నళిని ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. కానీ అసలు అడ్డం ఇంకా దాటలేదు. అది మంజునాథ్ సార్.

మంజునాథ్ సార్ మేనేజరు కావడానికి ముందు పదహారేళ్ళు గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలర్ ముందు కూర్చున్న మనిషి. బాయిలర్ నడుస్తున్నంతసేపూ ఎవరో ఒకరు దాని ముందు ఉండి తీరాలి. అన్నం కూడా అక్కడే. ఆ పద్ధతి ఆయన ఎముకల్లోకి దిగింది. నడిచే మిషను ముందు నుంచి మనిషి లేచి వెళ్ళాడంటే ఆయన దృష్టిలో అది పని కాదు, పాపం.

గురువారం పొద్దున నళిని వెళ్ళి నిలబడితే, ఆయన తల ఎత్తకుండానే అన్నాడు.

"ఏమమ్మా, ఈ పొద్దన్నా పూర్తయిందా?"

"లేదు సార్. ఎందుకాగిందో కనుక్కున్నాను. ఈ సాయంత్రం మొదలుపెడితే రేపు తెల్లారేసరికి అయిపోతుంది. సార్, నాకు రేపు లీవు కావాల. అన్న కూతురికి పేరు పెడతారు. నేనే పెట్టాల."

ఆయన తల ఎత్తాడు. "నువ్వు ఊర్లో ఉంటే అదెట్ల నడుస్తుంది? రెండు సార్లు ఆగిపోయింది. నాకు మనిషి కూర్చోని ఉండాల. నువ్వు గురుబరపల్లికి పో, సర్వర్ గదిలో కూర్చో, పొద్దున అయినాక పో."

"నేను కూర్చున్నా అది నన్ను చూడదు సార్."

ఆ మాట నోట్లోంచి వచ్చాక నళినికే భయం వేసింది. పక్క టేబుళ్ళ వాళ్ళు తలలు తిప్పారు. మంజునాథ్ సార్ మీసం కింద ఏదో కదిలింది, కోపమో నవ్వో తెలియలేదు.

"అట్లనా? చూపించు."

ఆమె ఒక చిన్న స్క్రిప్ట్ రాసింది. సెకనుకొకటి చొప్పున ఒకటి, రెండు, మూడు అని అంకెలు రాసుకుంటూ పోవడమే దాని పని. తూకం మిషనుకు దాని వల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ముందర నోహప్ అని, ఆఖర్లో యాండ్ గుర్తు పెట్టి మొదలుపెట్టింది. నల్ల కిటికీ మూసేసింది. లాప్‌టాప్ మూత దించింది. వెళ్ళి వైఫై డబ్బా స్విచ్చు కూడా ఆపేసింది. గదిలో ముగ్గురు ఒక్కసారే "అయ్యో, నెట్టు పోయింది!" అన్నారు.

"ఇప్పుడు కింద టీ తాగి వద్దాం సార్."

టీ అంగడి దగ్గర ఆయన గాజు గ్లాసు పట్టుకుని, ఆమె ఫోన్ వైపే చూస్తూ నిలబడ్డాడు. నళిని ఫోన్‌లో నుంచి సర్వర్‌లోకి వెళ్ళి ఆ ఫైలు తెరిచి చూపించింది. నాలుగు వందల పన్నెండు. నాలుగు వందల పదమూడు. ఆయన తన చేతి గడియారం చూసుకుని, అంకెలు చూసి, మళ్ళీ గడియారం చూశాడు. నాలుగు వందల నలభై దాకా అట్లాగే చూశాడు. టీ మీద మీగడ కట్టింది.

"దాన్ని ఎవరూ చూడ్డం లేదు," అన్నాడు నెమ్మదిగా.

"లేదు సార్."

"మరి మధ్యలో ఆగిపోతే ఎవరికి తెలుస్తుంది?"

అది సరైన ప్రశ్నే. నళిని దానికి ముందే సిద్ధమై వచ్చింది. "ఒక్కో ఫొటో అయినప్పుడల్లా అది రాసుకుంటుంది సార్. ఆగిపోతే యాడ ఆగిందో తెలుస్తుంది. ఇంతకుముందు మొదట్నుంచి మొదలయ్యేది, ఇప్పుడు ఆగిన కాడ్నించే మొదలయ్యేటట్టు మార్చినాను. పొద్దున ఎనిమిదికి నేను ఊర్నించి చూస్తా. కాకపోయుంటే అప్పుడే బస్సెక్కి కృష్ణగిరి మీదుగా ఫ్యాక్టరీకి వచ్చేస్తా. పదకొండు లోపల మీ ముందర ఉంటా."

"పేరు పెట్టేది ఎన్ని గంటలకు?"

"తొమ్మిదికి సార్."

ఆయన మీగడతో సహా టీ ఒక్క గుక్కలో తాగేశాడు. "పో. ఎనిమిదిన్నరకు నాకు ఫోన్ రావాల. రాకపోతే నేనే మీ ఊరికి వస్తా."

సాయంత్రం అయిదుంపావుకు నళిని కమాండ్ కొట్టింది. సర్వర్ జవాబుగా ఒక నంబరు ఇచ్చింది, 4817. ఆ పనికి అదే గుర్తు. నోటుపుస్తకంలో రాసుకుంది. ఫొటోలు ముందుకు పోతున్నాయని చూసుకుని, కిటికీ మూసి, మూత తనే దించింది. మెట్లు దిగుతుంటే, ఆ రోజు ముందుగానే వచ్చిన కాళమ్మ ఎదురైంది.

"ఊరికేనా? బిడ్డకు కాళమ్మ అని పెట్టు. ఎవరి దిష్టీ తగలదు."

"మా అన్న ఒప్పుకుంటే పెడతా," అంటూ బస్టాండు వైపు పరుగు తీసింది.

రాయకోట బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఊరు దాటేదాకా ఫోన్‌లో మూడు సార్లు చూసింది. రెండు వేలు. రెండు వేల ఎనిమిది వందలు. మూడు వేల ఆరు వందలు. కాళమ్మ ఆఫీసులో అన్నీ మూసి తాళం వేసే వేళ కూడా దాటింది. నంబరు అయిదు వేల తొమ్మిది వందలు. ఇదివరకు ఇంత దూరం రాలేదు. ఆ తర్వాత గుట్టలు మొదలై సిగ్నల్ పోయింది.

ఫోన్ ఒళ్ళో పెట్టుకుని బయటికి చూసింది. టమాటా తోటల్లో కర్రలకు తాళ్ళు కట్టి ఉన్నాయి. తను చూడని చోట, తనను అడగకుండా, తను రాసిన పని ఒకటి జరిగిపోతూ ఉంది. అది నిజంగా జరుగుతోందా అన్న అనుమానం అప్పుడప్పుడూ వచ్చింది. మందలో పిల్ల ఒకటి తగ్గిందేమో అన్న అనుమానం లాంటిదే అది. కానీ ఎంత అనుమానపడినా ఇప్పుడు చేయగలిగింది లేదు. ఆ సంగతి తెలిశాక ఏదో తేలికగా అనిపించింది. రాయకోటలో అన్న మోటార్‌సైకిల్‌తో నిలబడి ఉన్నాడు.

"వచ్చినావా! అవ్వ పందెం కట్టింది, నువ్వు రావని."

"ఎవరితో?"

"నాతో. రేపు నాకు ఒక కోడి వస్తుంది."

పొద్దున లేచేసరికి ఇల్లంతా ఊపులో ఉంది. వదిన సుగంధి పాపకు నూనె రాసి, నీళ్ళు పోసి, సాంబ్రాణి పట్టింది. అవ్వ పొయ్యి దగ్గర పొంగలి కలుపుతూ అందరినీ తిడుతోంది. ఇంటి దగ్గర సిగ్నల్ లేదు. గొర్రెల దొడ్డి వెనక బండ ఎక్కితే వస్తుంది. ఎనిమిది కావస్తుండగా నళిని బండ ఎక్కింది. కృష్ణగిరి బస్సు ఎనిమిదింపావుకు. అవసరం పడుతుందేమోనని సంచి సర్దే పెట్టుకుంది.

ఫోన్‌లో నుంచి సర్వర్‌లోకి వెళ్ళింది. ముందుగా, నడుస్తున్న పనుల జాబితా అడిగింది. పైనుంచి కింది దాకా వేలితో చూసుకుంటూ వచ్చింది.

4817 లేదు.

ఇంకోసారి చూసింది. లేదు. బండ కింద గొర్రెలు మేతకు బయలుదేరుతున్నాయి, వాటి మెడల గంటలు ఆమెకు ఎక్కడో దూరం నుంచి వినబడ్డాయి. మళ్ళీ చచ్చిపోయింది, అనుకుంది. వదినకు ఏం చెప్పాలి? చిన్నాయన కూతురు పక్క ఊరిలోనే ఉంది, పిలిస్తే అరగంటలో వస్తుంది. తమలపాకు ఆమె చేతికి ఇచ్చి తను బస్సెక్కాలి. నళిని దిగబోయి, మొదటి అడుగులోనే ఆగింది.

చచ్చిపోయిన పని జాబితాలో ఉండదు, నిజమే. పూర్తయిపోయిన పని మాత్రం ఎందుకు ఉంటుంది?

బండ మీద కూర్చుని, అది రాసుకున్న ఫైలు తెరిచింది. సిగ్నల్ ఒక గీతే ఉంది. తెర కాసేపు నల్లగా ఉండి, మెల్లగా అక్షరాలు వచ్చాయి. అరవై రెండు వేల మూడు వందల తొంభై తొమ్మిది. అరవై రెండు వేల నాలుగు వందలు. దాని కింద, స్క్రిప్ట్ రాసిన రోజు సరదాకు ఆఖరి వరసగా ఆమె పెట్టిన మాట, ఇంగ్లీషు అక్షరాల్లో: అయిపోయింది. టైము తెల్లవారుజామున నాలుగూ ఇరవై. తను అప్పుడు అవ్వ పక్కన గొంగడి కప్పుకుని నిద్రపోతోంది.

ఊరికే ఒక రైతు పేరు తెరిచి చూసింది. గంపల నిండా బంగినపల్లి కాయ, బండి పక్కన తువ్వాలుతో ఒకాయన, ఫొటో కింద ఆయన పేరు, ఊరు, తేదీ. ఆ తేదీన ఎండ బాగా కాసినట్టుంది, ఆయన కళ్ళు చికిలించుకుని ఉన్నాడు.

మంజునాథ్ సార్ ఒక్క రింగుకే ఎత్తాడు.

"అయిపోయింది సార్. అన్నీ వచ్చినాయి."

"గోకుల్ కూడా ఇప్పుడే చెప్పినాడు. నాలుగు పేర్లు అడిగినా, నాలుగూ చూపించినాడు." ఆయన గొంతు తగ్గించాడు. "నిజం చెప్పమ్మా. రాత్రంతా ఫోన్ పట్టుకోని కూర్చున్నావు కదా?"

"లేదు సార్. సిగ్నల్ లేదు. నిద్రపోయినాను."

"హూ," అన్నాడాయన. బాయిలర్ ముందు కూర్చున్న పదహారేళ్ళూ ఆ ఒక్క శబ్దంలో వినబడ్డాయి. "సరే, పో. బిడ్డ కాచుకోని ఉంటుంది."

ఆమె బండ దిగి వచ్చేసరికి అవ్వ గడప దగ్గర నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. చూపు సర్దిన సంచి మీద ఉంది.

"ఏమంటాందే నీ మిషను? పొమ్మనిందా, ఉండమనిందా?"

"దాని పని అది చేసుకుందవ్వా. నేను ఈడనే ఉంటా."

"అయితే కాళ్ళు కడుక్కోని రా. నిలబడి చూస్తావేంది?" అంది అవ్వ. లోపలికి తిరిగి, "రేయ్ శశీ, ఆ కోడిని పట్టుకో పో!" అని అరిచింది.

చాప మీద నళినిని తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, పాపను ఒళ్ళో పెట్టారు. సాంబ్రాణి వాసన, కొత్త గౌను వాసన. పేరు గురించి ఇంట్లో నాలుగు నెలలుగా గొడవ. అన్న ఫోన్‌లో నోరు తిరగని పేర్లు ఓ ఇరవై రాసిపెట్టుకున్నాడు. అవ్వ తన అత్తగారి పేరు మునెమ్మ తప్ప ఒప్పుకోనంది. అయితే చెవిలో చెప్పేవరకూ మేనత్తను ఎవరూ అడగకూడదు, చెప్పాక ఎవరూ కాదనకూడదు. నళిని తమలపాకు పాప చెవికి అడ్డం పెట్టి వంగింది. మూడు సార్లు చెప్పింది, ఇంకెవరికీ వినబడనంత చిన్నగా. ఆఫీసులో ఎవరూ వినని ఆ గొంతు ఇక్కడ సరిగ్గా సరిపోయింది.

పాప రెండో సారికే ఆకు పట్టుకుని లాగింది. మూడో సారికి చిరిగిన ఆకు అంచు నోట్లో ఉంది.

"ఏం పెట్టినావు? చెప్పు, చెప్పు," అన్నాడు అన్న, కోడి ఇంకా చంకలోనే ఉంది.

"నీలవేణి."

అన్న తన ఫోన్ వైపు ఒకసారి చూసుకుని జేబులో పెట్టేసుకున్నాడు. అవ్వ ఆ పేరును నోట్లో బెల్లం ముక్కలాగా అటూ ఇటూ తిప్పి చూసింది. "నీలవేణి... మునెమ్మ కంటే పొడుగే," అని, పాప నుదుట కుంకుమ పెట్టింది.

"నీలవేణీ, ఆకు ఉమ్మేయమ్మా, పాలు తాగుదువు రా," అని వదిన చేతులు చాచింది. నాలుగు నెలల్లో ఆ బిడ్డను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.